పదో తరగతి దాటాక పరాయి బడి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఇక మే నెలంతా మన ఇళ్లలో ఒకటే చర్చ. ఎంపీసీనా బైపీసీనా, ఏ కాలేజీ, ఏ బ్రాంచి, హాస్టలా డే స్కాలరా. కొన్ని ఇళ్లలో మాత్రం ఈ మాటలేవీ వినిపించవు. అక్కడ హాల్లో సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. ఆవకాయ సీసాను కవర్ల మీద కవర్లు వేసి చుడుతుంటారు. పెట్టె 23 కిలోలు దాటిందేమోనని మాటిమాటికీ తూస్తుంటారు. నాన్న ఎచ్-1బీ వీసా మీద ముందే డాలస్ చేరి ఉంటాడు. అమ్మా పిల్లలూ ఇప్పుడు కుటుంబానికిచ్చే ఎచ్-4 వీసా మీద బయల్దేరుతున్నారు. ఇన్నాళ్లూ ఎందుకు ఆగారంటే దాదాపు అందరిదీ ఒకే జవాబు: పెద్దదాని టెన్త్ అయిపోనిద్దామని.

మన లెక్కలో అది సరైన ఆలోచనే. టెన్త్ అయితే బడి అయిపోయినట్టే. టీసీ, మెమో చేతికొస్తాయి. ఇంటర్‌కి వేరే కాలేజీ, వేరే బోర్డు. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడ్డాక పెరిగిన తరాలన్నిటికీ పదో తరగతి ఒక ఒడ్డు. అక్కడ దిగి ఇంకో పడవ ఎక్కుతాం.

అమెరికాలో ఆ ఒడ్డు లేదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లూ ఒకే హైస్కూలు. తొమ్మిదో తరగతి మొదటి రోజు నుంచి తెచ్చుకున్న ప్రతి గ్రేడూ ట్రాన్‌స్క్రిప్టు అనే ఒకే పత్రంలో పేరుకుంటూ పోతుంది. కాలేజీలు చూసేది దాన్నే. అంటే మనం ముగిసిందనుకుని బయల్దేరిన చోటు, వాళ్లకు సరిగ్గా సగం దారి. పిల్లలు అక్కడ పడే ఇబ్బందుల్లో సగానికి మూలం ఇదే. అయినా బయల్దేరే ముందు దీని గురించి ఆలోచించే ఇళ్లు చాలా తక్కువ.

సగం దారిలో ఎక్కిన బండి

కూకట్‌పల్లిలో స్టేట్ సిలబస్‌లో పది పూర్తి చేసి, ఆగస్టులో డాలస్ శివార్లలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో చేరిన అమ్మాయి అనుకుందాం. వయసు పదహారు. బడి వాళ్లు వీసా గురించి అడగరు. 1982లో టెక్సస్‌కే చెందిన ‘ప్లైలర్ వర్సెస్ డో’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత, వలస హోదా ఏదైనా సరే ప్రభుత్వ బడి ఏ పిల్లనూ కాదనలేదు. ఫీజు లేదు. పసుపు పచ్చ బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది. ఇంతవరకు అంతా సుఖమే.

అసలు పని కౌన్సెలర్ గదిలో మొదలవుతుంది. టెక్సస్‌లో డిప్లొమాకు కనీసం 22 క్రెడిట్లు కావాలి. ఏదైనా ఒక రంగంలో ప్రత్యేకత చూపించే ‘ఎండార్స్‌మెంట్’తో పూర్తి చేయాలంటే 26. ఇందులో ఇంగ్లిష్ నాలుగేళ్లు, అమెరికా చరిత్ర, ప్రభుత్వం, ఆర్థికశాస్త్రం, ఏదైనా ఒక కళ, వ్యాయామ విద్య, ఇంగ్లిష్ కాని మరో భాష రెండేళ్లు ఉండాలి. మన అమ్మాయి చేతిలో ఉన్నది ఒక పేజీ టెన్త్ మెమో. తొమ్మిదో తరగతికి ప్రోగ్రెస్ కార్డు తప్ప మరే కాగితమూ లేదు. మన దగ్గర తొమ్మిదో తరగతిని ఎవరు లెక్కపెడతారు? పదో తరగతి కోసం తొమ్మిదిలోనే సిలబస్ మొదలుపెట్టే బడులు మనవి. అక్కడ మాత్రం తొమ్మిదో తరగతి లెక్కలకూ, సైన్సుకూ, సోషల్‌కూ విడివిడిగా క్రెడిట్ ఇవ్వాలంటే సంతకం, ముద్ర ఉన్న మార్కుల పత్రం కావాలి. అది లేకపోతే చదివిన ఏడాది చదవనట్టే.

తెలుగు, హిందీ మార్కులు కూడా అక్కడ పనికొస్తాయి. కౌన్సెలర్ ఒప్పుకుంటే అవి పరభాష క్రెడిట్ల కింద జమవుతాయి. కానీ ఆ సంగతి తెలియక, అమెరికాలో దిగిన నెలకే స్పానిష్ మొదటి పుస్తకం పట్టుకున్న పిల్లలు ఎందరో.

ఆ పైన ర్యాంకు. టెక్సస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది. హైస్కూలు తరగతిలో పై పది శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు పోటీ ఎక్కువ కాబట్టి అక్కడ ఆ హద్దు ఆరు శాతంగా ఉండేది, 2026 ప్రవేశాల నుంచి అయిదు శాతానికి దిగింది. ఈ ర్యాంకు తొమ్మిదో తరగతి నుంచీ కూడిన జీపీఏ మీద ఆధారపడుతుంది. కష్టమైన కోర్సులు తీసుకున్నవాళ్లకు అదనపు బరువు ఇస్తారు. విదేశంలో తెచ్చుకున్న మార్కుల్ని కొన్ని స్కూలు జిల్లాలు జీపీఏలో కలపనే కలపవు, పాస్ అని మాత్రం రాసుకుంటాయి. మంచి మార్కులతో మన దగ్గర బడిలో మొదటి స్థానం తెచ్చుకున్న పిల్ల, అక్కడ ఖాళీ పలకతో మొదలుపెట్టాలి. పక్కన కూర్చున్నవాళ్లు అప్పటికే రెండేళ్లుగా ఆ పలక నింపుతున్నారు.

దీన్ని పిల్ల తెలివికీ, తెలివితక్కువతనానికీ ముడిపెట్టే తల్లిదండ్రుల్ని చూస్తే బాధేస్తుంది. ‘అక్కడ ఫస్టు వచ్చేదానివి, ఇక్కడేమైంది?’ అన్న మాట పదహారేళ్ల మనసును చాలా లోతుగా కోస్తుంది.

చదువు ఒకటే, రాసే తీరు వేరు

లెక్కల్లో మన పిల్లలు ముందుంటారు. అది నిజమే. ఇబ్బంది వచ్చేది రాతలో. గైడులో ఉన్న జవాబును అక్షరం పొల్లుపోకుండా రాస్తే మన దగ్గర పూర్తి మార్కులు. అదే పని అక్కడ చేస్తే చౌర్యం కింద లెక్క. ఎక్కడి నుంచి తీసుకున్నావో చెప్పాలి, ఆ తర్వాత నీ అభిప్రాయం రాయాలి. చరిత్ర పాఠంలో ఒక పాత ఉత్తరం ఇచ్చి, ఇది రాసిన మనిషి ఉద్దేశం ఏమిటో, ఎంతవరకు నమ్మవచ్చో రాయమంటారు. జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. మన అమ్మాయి పదేళ్ల చదువులో ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. అలవాటయ్యాక ఇలాంటి ప్రశ్నల్ని ఎంతో ఇష్టపడే పిల్లలున్నారు. అమెరికా బడి ఇచ్చే గొప్ప సంపద ఇదేనని నేను నమ్ముతాను. అలవాటయ్యేందుకు మాత్రం సమయం పడుతుంది. రెండేళ్లలో కాలేజీ దరఖాస్తు రాయాల్సిన పిల్ల దగ్గర లేనిది ఆ సమయమే.

ఇంగ్లిష్ మాటకొద్దాం. చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో తక్కువ వస్తే ప్రత్యేక సాయం అందుతుంది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల తరఫున వచ్చిన ‘లౌ వర్సెస్ నికల్స్’ తీర్పు పుణ్యమా అని ఈ సాయం ఇలాంటి పిల్లలందరికీ హక్కుగా వచ్చింది. మనవాళ్లలో చాలామంది దీన్ని అవమానం అనుకుంటారు. ‘మా అమ్మాయి ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే’ అంటూ ఆ గడిలో ఇంగ్లిష్ అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. పాఠం ఇంగ్లిష్‌లో విని, స్నేహితులతో తెలుగులో మాట్లాడుతూ పెరిగిన పిల్లకు, ఇంగ్లిష్‌లో నవ్వులాటలాడే గుంపులో నిలబడి వెంటనే బదులివ్వడం వేరే విద్య. మార్కులు తొంభై వచ్చినా మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరు పెగలదు.

రోజు మొదలయ్యేది జెండాకు ప్రతిజ్ఞతో. టెక్సస్‌లో దేశ జెండాకు ఒకసారి, రాష్ట్ర జెండాకు ఇంకోసారి చెబుతారు. అందరూ గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడతారు. తను ఆ దేశ పౌరురాలు కాదు. చెప్పాలా, వద్దా? ప్రతిజ్ఞ చెప్పమని ఏ విద్యార్థినీ బలవంతం చేయకూడదని 1943లోనే సుప్రీంకోర్టు తేల్చింది. టెక్సస్‌లో తల్లిదండ్రులు ఒక చీటీ రాసిస్తే చాలు. ఇంత చిన్న సంగతి కూడా ముందు చెప్పేవాళ్లు లేక, పిల్ల మొదటి ఉదయమే తను వేరు అనే భావంతో నిలబడుతుంది.

ఆ తర్వాత గంట కొట్టిన ప్రతిసారీ తరగతి గది మారుతుంది. పక్కన కూర్చునేవాళ్లు మారిపోతారు. మన దగ్గర ఒకే సెక్షన్, ఒకే బెంచీ, పదేళ్లుగా అదే నలుగురు స్నేహితులు. అక్కడ ఆరేడు గదుల్లో ఆరేడు రకాల ముఖాలు. తొమ్మిదో తరగతిలో కలిసినవాళ్లు అప్పటికే జట్లు కట్టేసి ఉంటారు.

సాయంత్రం ఇంటికొచ్చి పాత స్నేహితులకు ఫోన్ చేద్దామంటే డాలస్‌లో నాలుగు గంటలకు హైదరాబాద్‌లో తెల్లవారుజామున రెండున్నర. చలికాలమైతే మూడున్నర. పైగా ఆ స్నేహితులిప్పుడు కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ఉన్నారు. అక్కడ ఫోన్లు ఉండనివ్వరు. ఔటింగ్‌కి ఇంటికొచ్చిన రోజే మాట కలుస్తుంది. ఆ మాటల్లో వీక్లీ టెస్టులు, సెక్షన్ మార్పులు, తను లేని కబుర్లు. తనకు వచ్చిన స్వేచ్ఛ చూసి వాళ్లు ఈర్ష్యపడతారు. వాళ్లకున్న సందడి చూసి తను కుమిలిపోతుంది. ఈ బాధను ఇంట్లో చెప్పుకోవడానికీ ఉండదు. ఊరంతా ‘అదృష్టవంతురాలివి’ అని సాగనంపిన పిల్ల ఏమని ఏడుస్తుంది?

మదనపల్లె అన్నదమ్ములు

ఈ విషయంలో తెలుగువాళ్లకు నూరేళ్లు దాటిన ఒక పాత కథ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానంద. పదేళ్ల వయసుకే కృష్ణమూర్తి తల్లిని పోగొట్టుకున్నాడు. తండ్రి నారాయణయ్య ఉద్యోగ విరమణ తర్వాత 1909లో కుటుంబంతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. అక్కడ కృష్ణమూర్తి జగద్గురువు కాబోతున్నాడని సమాజం పెద్దలు నమ్మారు. 1911లో సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండ్ తీసుకెళ్లింది. కృష్ణమూర్తికి అప్పటికి దాదాపు పదహారేళ్లు. ఉద్దేశం ఆక్స్‌ఫర్డ్‌లో చదివించడం.

ఇద్దరికీ ఒకే ఇల్లు, ఒకే వసతి. నిత్యానంద పరీక్షలు దాటి న్యాయశాస్త్రం చదివాడు. కృష్ణమూర్తి లండన్ విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్ పరీక్షలో మళ్లీ మళ్లీ తప్పాడు. ఆక్స్‌ఫర్డ్ తలుపు తెరుచుకోలేదు. ఇంటి భాష తెలుగు క్రమంగా అతని నోటి నుంచి పోయింది. తర్వాత అదే మనిషి ప్రపంచమంతా తిరిగి ప్రసంగాలు చేశాడు, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీతో సహా బడులు పెట్టించాడు, పరీక్షలూ పోలికలూ పిల్లల మీద మోపే భయం గురించి జీవితమంతా మాట్లాడాడు. ఒకే వయసు ప్రాంతంలో, ఒకే ప్రేమతో తీసుకెళ్లిన ఇద్దరు పిల్లల్లో కూడా పరాయి చదువు ఒకరికి అబ్బి ఇంకొకరికి అబ్బకపోవచ్చని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కథలో నన్ను పట్టి నిలిపేది మరో భాగం. తండ్రి పిల్లల్ని తిరిగి ఇప్పించమని దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పిచ్చింది. అనీబిసెంట్ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1914లో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. అందులో ఒక ముఖ్యమైన కారణం, ఆ అబ్బాయిల తరఫున మాట్లాడేవాళ్లు కోర్టులో లేరు, వాళ్ల ఇష్టమేమిటో ఎవరూ తెలుసుకోలేదు అన్నది. తండ్రి తన హక్కు చూశాడు, అనీబిసెంట్ తన ఆశయం చూసింది. పిల్లల్ని మాత్రం అడగలేదు.

మన ఇళ్లలో దావాలు లేవు, ఆశయాలకు మాత్రం కొదవ లేదు. ఎచ్-1బీ లాటరీ తగిలిన తేదీ, స్టాంపింగ్ స్లాట్ దొరికిన తేదీ, విమానం టికెట్ చవకగా ఉన్న తేదీ, వీటన్నిటినీ చూసి ప్రయాణం నిర్ణయిస్తాం. పిల్లకు చెబుతాం. అడగం.

ఇరవై ఒకటో పుట్టినరోజు

పిల్లలకు అసలు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఎచ్-4 అనేది 21 ఏళ్లు నిండని, పెళ్లికాని పిల్లలకే. ఆ పుట్టినరోజుతో అది చెల్లిపోతుంది. అప్పటికి కుటుంబానికి గ్రీన్‌కార్డు వచ్చి ఉండాలి, లేదా పిల్ల సొంతంగా విద్యార్థులకిచ్చే ఎఫ్-1 లాంటి మరో వీసాలోకి మారాలి, లేదా వెనక్కి రావాలి. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. అందుకే మన ఇంజినీర్లు ఎక్కువగా ఉండే ఈబీ-2 అనే వరసలో భారతీయులకు 2025 చివర్లో 2013లో దరఖాస్తు చేసినవాళ్ల వంతే నడుస్తూ ఉండేది. పదహారేళ్ల పిల్లతో ఈ ఏడాది దిగిన కుటుంబానికి, ఆమె 21 దాటేలోపు ఆ వరసలో వంతు వచ్చే ఆశ లేదనే చెప్పాలి. 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ లెక్క కట్టే పద్ధతిని కూడా 2025 ఆగస్టు 15 నుంచి బిగించారు.

ఈ మధ్యలో రోజువారీ చిన్న దెబ్బలు. తోటివాళ్లు పదహారేళ్లకే ఐస్‌క్రీమ్ కొట్లోనో, సూపర్ మార్కెట్‌లోనో వేసవి ఉద్యోగం చేస్తారు. ఎచ్-4 పిల్లలకు ఆ అనుమతి లేదు. 2015లో వచ్చిన ఎచ్-4 పని అనుమతి కొందరు జీవిత భాగస్వాములకే, పిల్లలకు కాదు. కాలేజీకి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ సాయానికీ అర్హత లేదు. కాగితాలు లేకుండా చిన్నప్పుడే వచ్చిన పిల్లల కోసం 2012లో తెచ్చిన డాకా రక్షణ కూడా వీళ్లకు వర్తించలేదు. ఎందుకంటే వీళ్లు కాగితాలతో వచ్చారు. ఇలాంటి పిల్లల కోసం 2021లో అమెరికా కాంగ్రెస్‌లో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

వెనక తలుపు కూడా మూసుకుంటుంది. తెలంగాణలో వైద్య విద్య సీట్లకు స్థానికత కావాలంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అమెరికాలో పన్నెండు పూర్తి చేసి, డాక్టరు కావాలని తిరిగొచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లకు అవి దక్కుతాయని అనుకోవడానికి లేదు.

ఇతర దేశాల లెక్కలు వేరు. కెనడాలోని ఒంటారియోలో డిప్లొమాకు 30 క్రెడిట్లు, దాంతోపాటు 40 గంటల సమాజ సేవ. ఇంగ్లండ్‌లో జీసీఎస్ఈ రెండేళ్ల చదువు మధ్యలో పదిహేనేళ్ల పిల్లను దించడం అన్నిటికంటే కష్టం. పదహారు నిండాక ఎ-లెవెల్స్ మొదట్లో చేరితే నయం. గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడులున్నాయి కాబట్టి కుదుపు తక్కువ. ఆ సీబీఎస్ఈ కూడా పదో తరగతిలోకీ పన్నెండులోకీ నేరుగా చేర్చుకోవడం మామూలుగా ఒప్పుకోదు. రెండేళ్ల చదువు మధ్యలో పిల్లను కదల్చకూడదన్న మాట మన బోర్డుకూ తెలుసన్నమాట.

అయితే వెళ్లకూడదా? వెళ్లవచ్చు. తండ్రి ఒక దేశంలో, పిల్ల ఒక దేశంలో ఏళ్ల తరబడి ఉండటం మంచిదని ఎవరూ అనరు. నా మాట సూటిగా చెబుతాను. తీసుకెళ్లేట్టయితే తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు తీసుకెళ్లండి. పదో తరగతి పూర్తయ్యేదాకా ఆగడం వల్ల పిల్లకు లాభం లేదు, నష్టం ఉంది. తొమ్మిది దాటిపోయి ఉంటే, ఇంటర్ ఇక్కడే పూర్తి చేసి డిగ్రీకి వెళ్లడం కూడా గౌరవమైన దారే. ఎచ్-4 అప్పటికీ దొరుకుతుంది. దాన్ని వెనకబాటు అనుకోకండి.

వెళ్లాలని తేలితే, తొమ్మిది, పది తరగతుల మార్కుల్ని సబ్జెక్టువారీగా బడి లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, ముద్ర వేయించి మూడు నాలుగు ప్రతులు తీసుకోండి. సిలబస్ పేజీలు జత చేయండి. టీకాల కార్డు వెతకండి. మన ప్రభుత్వ పట్టికలో లేని ఆటలమ్మ టీకా, మెనింజైటిస్ టీకా టెక్సస్ హైస్కూలు అడుగుతుంది. చిన్నప్పటి బీసీజీ వల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, అందుకు బదులు రక్తపరీక్ష చేయమని అడగండి. చేరిన మొదటి వారంలోనే కౌన్సెలర్‌తో గంటసేపు కూర్చోండి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే.

ఇవన్నీ టికెట్లు కొన్నాక చేసే పనులు. కొనేముందు చేయాల్సింది ఒకటుంది. ఒక సాయంత్రం టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి, పిల్లతో కూర్చోండి. అక్కడ క్రెడిట్లు ఎలా ఉంటాయో, ఉద్యోగం ఎందుకు చేయకూడదో, 21వ పుట్టినరోజున ఏమవుతుందో దాచకుండా చెప్పండి. వెళ్దామా అని అడగండి. వద్దంటే, ఎందుకు వద్దంటోందో అడ్డు రాకుండా చివరిదాకా వినండి.